విలువ కొట్టుకు.. విషం చెరువుకు

* గని నుంచి గుంట దాకా ఎలక్ట్రానిక్ వస్తువుల ప్రయాణం
* ప్రతి మజిలీలోనూ నేలకు, నీటికి, గాలికి నష్టం
* పల్లెల్లో కానరాని సేకరణ ఏర్పాట్లు

ఉమ్మడి చిత్తూరు జిల్లా: పాత ఇనుప సామాన్లు, ప్లాస్టిక్ సామాన్లు కొంటామంటూ ఆటోలోని మైకు వీధిలో వినిపించగానే అటక మీద మూలుగుతున్న పాత టీవీ ఇంటివారికి గుర్తుకొస్తుంది. ఒకనాడు వేలు పోసి కొన్న ఆ పెట్టె నేడు నాలుగు కిలోల ఉల్లిపాయలకో, వంద రూపాయల నోటుకో చేతులు మారుతుంది. ఇంట్లో చోటు కలిసొచ్చిందన్న తృప్తి అమ్మినవారిది. నాలుగు రాళ్లు మిగులుతాయన్న ఆశ కొన్నవారిది. అంతటితో ఆ వస్తువు కథ ముగిసిందని ఇరువురూ భావిస్తారు. అయితే ఆ టీవీలో ఏళ్ల తరబడి భద్రంగా దాగి ఉన్న విషం బయటకు వచ్చేది సరిగ్గా ఆ తర్వాతే.

ఎలక్ట్రానిక్ వస్తువు మన చేతిలో ఉండే కాలం స్వల్పం. సెల్‌ఫోన్ అయితే మూడు నాలుగేళ్లు, టీవీ అయితే పది పదిహేనేళ్లు. అంతకు ముందు దానికోసం ఎక్కడో కొండలు తవ్వుతారు, నదుల నీటిని తోడుతారు, బొగ్గును మండిస్తారు. ఆ తర్వాత దాని అవశేషాలు తరాల పాటు మట్టిలో మిగిలిపోతాయి. ఈ మొత్తం ప్రయాణాన్ని ఒక్కచోట చేర్చి చూస్తే తప్ప పాత సామాను అమ్మకం వెనుక ఉన్న అసలు ఖరీదు బోధపడదు. ఉమ్మడి చిత్తూరు జిల్లా వాసులకు ఈ విషయం మరింత దగ్గరిది. గని తవ్వకాల పర్యవసానం ఒక సరిహద్దులో, ఫోన్లను కూర్చే కర్మాగారాలు మరో సరిహద్దులో, వాడి పారేసిన సామాను ఊరూరా కనిపించే ప్రాంతమిది.

కొండలా పెరుగుతున్న చెత్త

విద్యుత్తుతో గానీ, బ్యాటరీతో గానీ పనిచేసి, ఇక అక్కరలేదని పక్కన పెట్టిన ప్రతి వస్తువూ ఎలక్ట్రానిక్ వ్యర్థమే. కంప్యూటర్లు, ఫోన్లే కాదు. రిఫ్రిజిరేటర్, మిక్సీ, ట్యూబ్‌లైటు, సెట్‌టాప్ బాక్సు, రిమోట్, పిల్లల బ్యాటరీ బొమ్మ కూడా ఈ కోవలోకే వస్తాయి. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో విడుదల చేసిన ప్రపంచ నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగయ్యాయి. వీటిలో సక్రమంగా సేకరించి, శుద్ధి చేసినట్లు లెక్క తేలింది 22.3 శాతమే. ఇదే తీరు కొనసాగితే 2030 నాటికి ఈ రాశి 8.2 కోట్ల టన్నులకు చేరుతుందని ఆ నివేదిక అంచనా వేసింది.

మన దేశంలోనూ పెరుగుదల వేగంగానే ఉంది. 2019-20లో 10.14 లక్షల టన్నులుగా ఉన్న ఈ-వ్యర్థాలు 2023-24 నాటికి 17.51 లక్షల టన్నులకు చేరాయని కేంద్ర ప్రభుత్వ లెక్కలు తెలుపుతున్నాయి. ఈ గణాంకాలు ఉత్పత్తిదారుల అమ్మకాలు, వస్తువుల సగటు ఆయుష్షు ఆధారంగా కట్టినవి. ఇళ్లలో అటకల మీద, బీరువా అరల్లో, పాత సామాన్ల కొట్లలో ఉన్న సరుకును ఎవరూ ఇంటింటికీ తిరిగి లెక్కించలేదు.

మొదటి గాయం గనిలోనే

ఒక సెల్‌ఫోన్‌లో అరవైకి పైగా మూలకాలు ఉంటాయి. తీగలకు రాగి, బ్యాటరీకి లిథియం, కోబాల్టు, బోర్డుపై టంకానికి తగరం, తుప్పు పట్టని సన్నని అతుకులకు బంగారం వాడతారు. ప్రపంచానికి కావలసిన కోబాల్టులో మూడింట రెండొంతులకు పైగా ఆఫ్రికాలోని కాంగో దేశం నుంచే వస్తోంది. అక్కడి చిన్న గనుల్లో బాలలు సైతం పనిచేస్తున్న వైనాన్ని అంతర్జాతీయ సంస్థలు పలుమార్లు వెలుగులోకి తెచ్చాయి. దక్షిణ అమెరికాలోని చిలీలో అటకామా ఎడారి భూగర్భం నుంచి ఉప్పునీటిని తోడి, ఎండబెట్టి లిథియం తీస్తారు. అసలే చుక్క వాన పడని చోట ఈ తోడకం స్థానికుల నీటి గోసను పెంచుతోంది.

గని మిగిల్చే గాయం ఎలాంటిదో తెలుసుకోవడానికి అంత దూరం పోనక్కర లేదు. కుప్పం సరిహద్దుకు ఆవల, కర్ణాటకలోని కోలారు బంగారు గనుల పట్టణాన్ని చూస్తే చాలు. 1880లలో మొదలైన అక్కడి ఆధునిక తవ్వకాలు 2001 ఫిబ్రవరి 28న ఆగిపోయాయి. చిత్తూరు జిల్లా నుంచి తరతరాలుగా కూలీలు వలస వెళ్లిన గనులవి. సుమారు 120 ఏళ్లలో 800 టన్నుల వరకు బంగారం ఇచ్చిన ఆ నేల మీద నేడు మిగిలినవి సైనైడ్ దిబ్బలు. రాతిని పిండి చేసి, సైనైడ్ ద్రావణంతో బంగారాన్ని వేరుచేశాక పారబోసిన మట్టి మూడు కోట్ల టన్నులకు పైగా గుట్టలుగా పేరుకుంది. గాలి బలంగా వీచే నెలల్లో ఆ ధూళి ఇళ్ల మీదికి, నీటి కుంటల్లోకి చేరుతోంది. గని మూతపడి రెండు దశాబ్దాలు దాటినా దిబ్బలు కదలలేదు.

కోలారు బంగారం ప్రధానంగా నగలకూ, నిల్వలకూ వెళ్లిందే. అయినా తవ్వకం పద్ధతి ఎక్కడైనా దాదాపు ఒకటే. ఒక ఫోన్‌లో 0.03 గ్రాముల వరకు బంగారం ఉంటుందనుకుంటే, టన్ను రాయికి మూడు గ్రాములు దొరికే గనిలో ఆ పిసరు కోసం పది కిలోల రాతిని తవ్వి, పొడి చేసి, సైనైడ్‌లో కడిగి పారబోయాలి. మన జేబులోని ఫోన్ వెనుక కంటికి కనిపించని దిబ్బ ఒకటి ఉందన్నమాట.

తయారీలో కరిగిపోయే వనరులు

ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం 2004లో వెలువరించిన అధ్యయనం అప్పట్లో సంచలనం కలిగించింది. 17 అంగుళాల పిక్చర్ ట్యూబ్ మానిటర్‌తో కూడిన ఒక కంప్యూటర్ తయారు కావాలంటే 240 కిలోల ఇంధనం, 22 కిలోల రసాయనాలు, 1,500 కిలోల నీరు అవసరమని అది లెక్కగట్టింది. పాతిక కిలోల వస్తువు కోసం దాదాపు 1.8 టన్నుల వనరులు ఖర్చవుతున్నాయి. వీటిలో కొంత భాగం బోర్డు మీద గోరంత ఉండే చిప్‌ల కోసం. చిప్ తయారీలో ఒక్క ధూళి కణం పడినా సరుకు పనికిరాదు. అందువల్ల అతి శుద్ధమైన నీటితో, ఘాటైన ఆమ్లాలతో, ద్రావకాలతో పదేపదే కడుగుతారు.

ఈ రసాయనాలు అదుపు తప్పితే ఏమవుతుందో సంపన్న దేశాలకే ముందుగా అనుభవంలోకి వచ్చింది. అమెరికాలోని సిలికాన్ వ్యాలీకి కేంద్రమైన శాంతా క్లారా కౌంటీలో, మన తెలుగు ఇంజినీర్లు వేలాదిగా నివసించే చోటే, ఆ దేశ ప్రభుత్వం గుర్తించిన అత్యంత కలుషిత స్థలాలు 23 ఉన్నాయి. అమెరికాలో మరే కౌంటీలోనూ ఇన్ని లేవు. వీటిలో అత్యధికం చిప్‌ల కర్మాగారాలకు సంబంధించినవే. భూమిలో పాతిపెట్టిన ట్యాంకుల నుంచి ట్రైక్లోరో ఇథిలీన్ వంటి ద్రావకాలు కారి భూగర్భ జలాల్లో కలిసిన సంగతి 1980లలో బయటపడింది. శుభ్రపరిచే పని దశాబ్దాలుగా సాగుతూనే ఉంది.

మన ప్రాంతంలో తడ సమీపంలోని శ్రీసిటీలో 2015 నుంచి సెల్‌ఫోన్లను కూర్చుతున్నారు. రేణిగుంట విమానాశ్రయం పక్కనా ఎలక్ట్రానిక్స్ తయారీ సముదాయం వెలిసింది. వేలాది మంది యువతులకు, యువకులకు ఇవి ఉపాధి కల్పిస్తున్నాయి. విడిభాగాలను తెచ్చి బిగించే పనిలో కాలుష్యం చిప్‌ల తయారీతో పోలిస్తే బహు తక్కువ. అయితే విడిభాగాల తయారీని కూడా ఇక్కడికే రప్పించే ప్రయత్నాలు దేశమంతటా సాగుతున్నాయి. పరిశ్రమ కావాలి, ఉద్యోగాలు కావాలి. దానితోపాటే వాడిన నీరు ఎటు పోతోంది, ద్రావకాలు ఎక్కడ నిల్వ ఉంటున్నాయి అన్న పర్యవేక్షణ తొలినాటి నుంచే ఉండాలన్నది శాంతా క్లారా నేర్పిన పాఠం.

వాడకంలో వస్తువుకో తీరు

వస్తువు ఇంటికి వచ్చాక జరిగే నష్టం విద్యుత్తు రూపంలో ఉంటుంది. మన దేశంలో ఒక యూనిట్ విద్యుత్తు ఉత్పత్తికి సగటున 0.7 కిలోల మేరకు కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి చేరుతోంది. ఈ లెక్క అన్ని వస్తువులకూ ఒకేలా వర్తించదు.

సెల్‌ఫోన్ ఏడాదంతా చార్జింగ్ పెట్టినా కొద్ది యూనిట్లే ఖర్చవుతాయి. ఒక స్మార్ట్‌ఫోన్ జీవితకాలంలో కలిగే కర్బన ఉద్గారాల్లో సుమారు 80 శాతం తయారీలోనే జరుగుతాయని పెద్ద కంపెనీలు స్వయంగా ప్రకటించే నివేదికలు చెబుతున్నాయి. కాబట్టి ఫోన్ విషయంలో పర్యావరణానికి మేలు చేసే మార్గం ఒక్కటే. ఉన్నదాన్ని సాధ్యమైనంత ఎక్కువ కాలం వాడాలి. మూడేళ్లకు మార్చే ఫోన్‌ను ఆరేళ్లు వాడితే తయారీ భారం సగానికి తగ్గుతుంది.

రిఫ్రిజిరేటర్, ఏసీ, ఫ్యాన్ల లెక్క వేరు. ఇవి రోజంతా తిరుగుతాయి గనుక తయారీ కంటే వాడకంలోనే ఎక్కువ నష్టం. ఇరవై ఏళ్ల నాటి ఫ్రిజ్‌ను మార్చి ఎక్కువ నక్షత్రాల గుర్తు ఉన్నది కొనడం పర్యావరణానికి మేలే. కానీ పాతది ఎవరి చేతికి పోతోందన్నది ముఖ్యం. 2003కి ముందు వచ్చిన చాలా ఫ్రిజ్‌లలో ఓజోన్ పొరను దెబ్బతీసే క్లోరోఫ్లోరో కార్బన్ వాయువు ఉండేది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే పదివేల రెట్లు శక్తిమంతమైనది. కంప్రెసర్‌లోని రాగి కోసం గొట్టాన్ని పుటుక్కున కోస్తే ఆ వాయువంతా క్షణంలో గాలిలో కలుస్తుంది.

కొట్టుకు చేరేదేమిటి? గుంటకు మిగిలేదేమిటి?

ఇక అసలు విషయానికి వస్తే, పాత టీవీ ప్రయాణం ఇలా సాగుతుంది. వీధిలో కొన్న చిల్లర వ్యాపారి దాన్ని మండల కేంద్రంలోని పాత సామాన్ల కొట్టుకు అమ్ముతాడు. అక్కడ సామానును విడదీస్తారు. బోర్డులు వేరు, తీగలు వేరు, ఇనుము వేరు, ప్లాస్టిక్ పెట్టె వేరు. బోర్డులు నగరాల్లోని పెద్ద వ్యాపారులకు చేరి, అక్కడి నుంచి ఢిల్లీలోని సీలంపూర్, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ వంటి కేంద్రాల దాకా వెళుతుంటాయి. ప్రతి మెట్టులోనూ ఎవరికో ఒకరికి రెండు రూపాయలు మిగులుతాయి. నిరుపేదలకు అన్నం పెడుతున్న ఈ గొలుసును తప్పుపట్టలేం. ఊరి ఇనుము, రాగి, అల్యూమినియం వృథా కాకుండా మళ్లీ కొలిమికి చేరుతున్నాయంటే వీరి శ్రమ ఫలితమే.

చిక్కంతా కొనేవారు లేని భాగాలతోనే. పిక్చర్ ట్యూబ్ టీవీ బరువులో సగానికి పైగా గాజే. వెనుక మెడకు చుట్టి ఉన్న యోక్ కాయిల్‌లో మేలైన రాగి ఉంటుంది. దాని కోసం రాయితోనో, సుత్తితోనో ట్యూబు మెడ విరుస్తారు. లోపల గాలి లేని ట్యూబు ఢమాలున పగిలి పెంకులు ఎగురుతాయి. రాగి కొట్టుకు పోతుంది. గాజు పెంకులు ఊరవతల గుంటలోనో, చెరువు కట్ట పక్కనో పడతాయి.

ఆ గాజు మామూలు సీసా గాజు కాదు. ట్యూబులో పుట్టే ఎక్స్ కిరణాలు చూసేవారికి తగలకుండా అడ్డుకోవడానికి, గరాటు ఆకారంలో ఉండే వెనుక భాగపు గాజులో సీసం కలుపుతారు. ఆ భాగం బరువులో సుమారు ఐదో వంతు సీసపు ఆక్సైడే. టీవీ పరిమాణాన్ని బట్టి ఒక్కో ట్యూబులో అర కిలో నుంచి రెండు మూడు కిలోల దాకా సీసం ఉంటుంది. గాజులో బిగిసి ఉన్న సీసం బయటకు రాదన్న వాదనకు అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000లో ప్రచురించిన పరీక్షలు సమాధానమిచ్చాయి. పొడి చేసిన రంగుల ట్యూబు గాజును పుల్లని ద్రావణంలో నానబెట్టగా లీటరుకు సగటున 18.5 మిల్లీగ్రాముల సీసం కరిగింది. ప్రమాదకర వ్యర్థంగా పరిగణించడానికి అక్కడి పరిమితి 5 మిల్లీగ్రాములు. మన దేశంలో తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించింది.

కుళ్లే చెత్తలో పులుపు పుడుతుంది. చెత్తగుంటలో గాజు పెంకులు, ఇంటి చెత్త కలిసి నానితే ప్రయోగశాలలోని పరిస్థితే అక్కడా నెమ్మదిగా ఏర్పడుతుంది. చెరువు కింద బావులు, బోర్ల నీటిని తాగే పల్లెలకు ఇది ఆలోచించవలసిన సంగతి.

గతంలో ఈ గాజుకూ గిరాకీ ఉండేది. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీల కాలం నుంచి పాత ట్యూబులకు మరమ్మతు చేసి తిరిగి వాడేవారు. పగిలిన గాజును కొత్త ట్యూబుల తయారీకి కరిగించేవారు. చదును తెరల టీవీలు వచ్చాక ట్యూబుల తయారీ దాదాపు నిలిచిపోయింది. ఆ గాజు కొనేవారే కరవయ్యారు. మరోవైపు పక్కనున్న తమిళనాడులో 2006-11 మధ్య ప్రభుత్వం ఉచితంగా పంచిన కోటిన్నరకు పైగా రంగుల టీవీలు పిక్చర్ ట్యూబువే. మన జిల్లాలోనూ ఆ కాలంలో కొన్న టీవీలన్నీ ఇప్పుడు ఆయుష్షు తీరి ఇళ్ల నుంచి బయటపడుతున్నాయి.

పొగలో దాగిన మహమ్మారి

రాగి తీగల పైతొడుగును చేత్తో ఒలవడానికి గంటలు పడుతుంది. నిప్పు పెడితే నిమిషాల పని. పట్టణాల శివార్లలో చీకటి పడ్డాక లేచే నల్లని పొగలో కొంత ఇటువంటిదే. తీగల తొడుగు పీవీసీ ప్లాస్టిక్. అందులోని క్లోరిన్, రాగి సమక్షంలో తక్కువ వేడి మీద మండినప్పుడు డయాక్సిన్లు అనే విష పదార్థాలు పుడతాయి. ఇవి క్యాన్సర్ కారకాలు. గాలిలో కొంత దూరం పోయి, బూడిదతోపాటు నేల మీద పడి, గడ్డి ద్వారా పశువుల్లోకి, మట్టి ద్వారా కోళ్లలోకి చేరి కొవ్వులో నిల్వ ఉంటాయి.

ఆఫ్రికాలోని ఘనా దేశ రాజధాని అక్రాలో అగ్బోగ్బ్లోషీ అనే చోట ఏళ్ల తరబడి తీగలు కాల్చారు. అక్కడ తిరిగే నాటుకోళ్ల గుడ్లను పరీక్షించిన పర్యావరణ సంస్థలు 2019లో ఫలితాలు ప్రకటించాయి. ఒక్క గుడ్డు తిన్నా, ఐరోపా ఆహార భద్రతా సంస్థ నిర్ణయించిన రోజువారీ పరిమితికి 220 రెట్లు డయాక్సిన్లు ఒంట్లోకి చేరతాయని తేలింది. అక్కడి ప్రభుత్వం 2021లో ఆ యార్డును తొలగించినా, నేలలోకి ఇంకిన విషం తొలగిపోలేదు. పెరటి కోళ్లు, ఊరి పశువులు చెత్తగుంటల దగ్గర తిరగడం మన పల్లెల్లో నిత్యం చూసేదే.

చైనాలోని గుయియు పట్టణం అనుభవం మరింత బాధాకరం. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన బోర్డులను అక్కడ ఇళ్ల ముందే బొగ్గు కుంపట్ల మీద కాల్చి విడదీసేవారు. ఆరేళ్ల లోపు పిల్లల రక్తంలో సీసం డెసీలీటరుకు సగటున 15.3 మైక్రోగ్రాములు ఉన్నట్లు 2007లో వెలువడిన అధ్యయనం తెలిపింది. ఈ పని జరగని పొరుగు పట్టణంలో అది 9.9 మైక్రోగ్రాములు. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేస్తోంది. ఒకే మోతాదులో మింగిన సీసాన్ని పెద్దల కంటే పిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఎదిగే మెదడు దెబ్బతిని చదువులో వెనుకబడతారు. ఆ నష్టాన్ని పూరించే మందు లేదు.

మన దేశంలో మొరాదాబాద్ వద్ద బోర్డులను కాల్చి, బూడిదను రామగంగా నది ఒడ్డున కడిగి లోహాలు ఏరుతున్న వైనాన్ని, అక్కడి మట్టి, నీటిలో భార లోహాల ఉనికిని ఢిల్లీకి చెందిన సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2015లో వెల్లడించింది. మన మండల కేంద్రంలో కిలోల లెక్కన అమ్ముడయ్యే బోర్డులు చేరే తావుల్లో అదీ ఒకటి.

చట్టం ఏమంటోంది?

ఈ-వ్యర్థాల కోసం ప్రత్యేక నిబంధనలు మన దేశంలో 2012 మే 1 నుంచి అమల్లోకి వచ్చాయి. 2016లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు తెచ్చారు. ప్రస్తుతం 2022 నాటి ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్నాయి. వీటి పరిధిలో 106 రకాల వస్తువులున్నాయి. వస్తువును అమ్మిన కంపెనీయే దాని అంతానికీ బాధ్యత వహించాలన్నది వీటి మూలసూత్రం. 2023-24, 2024-25 సంవత్సరాలకు 60 శాతం, తర్వాతి రెండేళ్లకు 70 శాతం, 2027-28 నుంచి 80 శాతం మేరకు వ్యర్థాలను శుద్ధి చేయించాలని కంపెనీలకు లక్ష్యాలు విధించారు. ఇందుకు కంపెనీలు నమోదిత రీసైక్లర్ల నుంచి ధ్రువపత్రాలు కొని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలికి చూపాలి. కొత్త వస్తువుల్లో సీసం, పాదరసం, క్రోమియం వంటివి 0.1 శాతానికి, కాడ్మియం 0.01 శాతానికి మించరాదన్న నియమమూ ఉంది.

ఒక ఆర్థిక సంవత్సరంలో ఏ సమయంలోనైనా వెయ్యి, అంతకు మించి పరికరాలు వాడిన సంస్థలు పాత వాటిని నమోదిత సంస్థలకే అప్పగించాలి. మున్సిపల్ చెత్తలో కలిసిన ఈ-వ్యర్థాలను వేరుచేసి రీసైక్లర్లకు చేర్చే బాధ్యత పురపాలక సంస్థలది.

నిబంధనల్లో ఒక వెలితి కనిపిస్తోంది. ధ్రువపత్రాలను ప్రధానంగా బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియం వంటి లోహాల రాబడి ఆధారంగా లెక్కిస్తున్నారు. అంటే విలువ ఉన్న భాగానికే ప్రోత్సాహం. సీసపు గాజును, విషపు ప్లాస్టిక్‌ను భద్రంగా వదిలించే పనికి రాబడి లేదు. పైగా నమోదిత రీసైక్లర్లు ఎక్కువగా నగరాల చుట్టుపక్కల పారిశ్రామికవాడల్లోనే ఉన్నారు. పల్లెలో ఒక పాత టీవీ కోసం వారి లారీ రాదు. ఆ ఖాళీని వీధి వ్యాపారి నింపుతున్నాడు.

సక్రమంగా చేస్తే సంపదే

టన్ను బంగారు ఖనిజంలో కొద్ది గ్రాములే దొరికితే, బ్యాటరీలు తీసిన టన్ను సెల్‌ఫోన్లలో సుమారు 340 గ్రాముల బంగారం, మూడున్నర కిలోల వెండి, 130 కిలోల రాగి ఉంటాయని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2009లో లెక్కగట్టింది. కొత్త తరం ఫోన్లలో ఈ పాళ్లు మారినా, ఖనిజం కంటే అనేక రెట్లు మిన్న అనడంలో సందేహం లేదు. వాడిన వస్తువు నుంచి తీసిన ప్రతి గ్రాము లోహం ఎక్కడో ఒక దిబ్బను తప్పిస్తుంది.

బోర్డుల నుంచి లోహాలను హాని లేకుండా తీసే పరిజ్ఞానం మనకు అందుబాటులోనే ఉంది. హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-మెట్ ఇందుకు ప్రత్యేక కేంద్రాన్ని నెలకొల్పి, పద్ధతులను అభివృద్ధి చేసింది. పొగను బంధించి శుద్ధి చేసే కొలిములు, ఆమ్లాన్ని బయటకు వదలని తొట్లు ఇందులో కీలకం. కొరత ఉన్నది సరుకును ఊరి నుంచి అక్కడిదాకా పగలగొట్టకుండా, కాల్చకుండా చేర్చే ఏర్పాటులోనే.

మన వంతు ఏమిటి?

ఆ ఏర్పాటు వచ్చేదాకా ఎదురు చూడకుండా గ్రామ స్థాయిలో చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి.

* ఫోన్, టీవీ పాడైతే ముందుగా మరమ్మతు చేయించాలి. మండల కేంద్రాల్లో మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. విడిభాగాలు, మరమ్మతు వివరాల కోసం కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ప్రత్యేక పోర్టల్ ప్రారంభించింది. బ్యాటరీ మారిస్తే మరో రెండేళ్లు నడిచే ఫోన్లు అనేకం.

* పిక్చర్ ట్యూబ్ టీవీని ఇంట్లో గానీ, కొట్టులో గానీ పగలనీయరాదు. అమ్మేటప్పుడు విప్పకుండా మొత్తంగా అమ్మాలి. ఇప్పటికే పగిలి ఉంటే పెంకులను చేతి తొడుగులతో ఏరి, గోనె సంచిలో కట్టి, నీరు తగలని చోట ఉంచాలి. చెరువులో, బావిలో, పొలం గట్టున పారవేయరాదు.

* ఉబ్బిన సెల్ బ్యాటరీని గుచ్చడం, మంటలో వేయడం ప్రాణాంతకం. పేలుడుతోపాటు ఘాటైన విషవాయువు వెలువడుతుంది. బ్యాటరీ అంచులకు టేపు అంటించి విడిగా ఉంచాలి.

* ట్యూబ్‌లైట్లు, సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది. ఇంట్లో పగిలితే తలుపులు తెరిచి, చీపురుతో ఊడ్చకుండా తడి గుడ్డతోనో, కాగితంతోనో ఎత్తాలి. పిల్లలను దగ్గరకు రానీయరాదు.

* తీగలు కాల్చడం కనిపిస్తే పంచాయతీ దృష్టికి తేవాలి. కాల్చేవారు పొట్టకూటికి చేసేవారే. వారిపై కేసులు పెట్టడం కంటే తీగ ఒలిచే చిన్న యంత్రాన్ని కొట్టు యజమానులు సమకూర్చేలా చూడటం మేలు. కాల్చని రాగికి ధర కూడా ఎక్కువే పలుకుతుంది.

* గ్రామ పంచాయతీల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాల షెడ్లు ఇప్పటికే ఉన్నాయి. వాటిలో ఒక గదిని, లేదా పైకప్పు, సిమెంటు నేల ఉన్న ఒక మూలను ఈ-వ్యర్థాలకు కేటాయించవచ్చు. ఆరు నెలలకోసారి మండలమంతటి సరుకును ఒకచోట చేర్చి, నమోదిత రీసైక్లర్‌కు అప్పగిస్తే లారీ బాడుగ గిట్టుబాటవుతుంది. వీధి వ్యాపారులకే ఈ సేకరణ పని అప్పగించి, ట్యూబుకు ఇంతని రుసుము చెల్లిస్తే వారి ఉపాధికీ లోటుండదు.

* పాఠశాలలు, ప్రభుత్వ కార్యాలయాల్లో మూలనపడిన కంప్యూటర్లు, ప్రింటర్లను వేలం వేసేటప్పుడు నమోదిత రీసైక్లర్లకే పాల్గొనే అవకాశం కల్పించాలి. ఎక్కువ ధర పాడినవారికి సరుకు అప్పగిస్తే ఖజానాకు నాలుగు డబ్బులు రావచ్చు. కానీ మిగిలిన విషాన్ని మోయవలసింది మళ్లీ ఆ ఊరే.

సీసం కుళ్లదు, కరిగి మాయమవదు. ఒకసారి చెరువు మట్టిలో చేరితే పూడిక తీసినప్పుడు పొలాలకు, పొలాల నుంచి పంటకు ప్రయాణిస్తుంది. దాన్ని తిరిగి ఏరడం ఏ పంచాయతీకీ సాధ్యం కాదు. ట్యూబు పగలకముందే పట్టుకోవడం ఒక్కటే మనకున్న మార్గం. పిక్చర్ ట్యూబ్ టీవీలు ఇళ్లను ఖాళీ చేస్తున్న కాలమిది. మరికొన్నేళ్లలో అవన్నీ ఏదో ఒక చోటికి చేరడం ఖాయం. అవి సేకరణ గదికి చేరాలో, చెరువు గర్భానికి చేరాలో తేల్చుకోవలసిన గడువు కూడా ఆ కొన్నేళ్లే. రానున్న గ్రామసభల్లో తాగునీరు, రోడ్ల సరసన ఈ అంశాన్నీ చర్చకు తెచ్చే చొరవ గ్రామస్థులే చూపాలి.